వినయమనే ముసుగులో ఆత్మస్తుతి



అలంకారశాస్త్రంలో వ్యాజస్తుతి అని ఒక అలంకారం ఉన్నది. పైకి నింద, లోపల స్తుతి. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఆ విధంగానే కొలిచాడు. స్తుతికి పాత్రుడు భగవంతుడైనప్పుడు అది భక్తి. ఆ స్థానంలో మనలను మనమే కూర్చుండబెట్టుకొంటే దానికి శాస్త్రం పెట్టిన పేరు దంభం.

నేడు ఈ దోషం వినయం వేషంలో సంచరిస్తున్నది. మూడంతస్తుల మేడ కట్టినవారు "ఒకసారి మా పూరిపాకను పావనం చేయండి" అంటారు. "మావాడికి లోకజ్ఞానం శూన్యమండీ, ఆ అమెరికా కంపెనీవారు వాడిలో ఏమి చూశారో!" అని ఒక తండ్రి వాపోతాడు. "ఏదో మా ఉడతాభక్తి" అంటూనే దాత శిలాఫలకంపై తన పేరు ఎన్నవ వరుసలో వస్తుందో విచారిస్తాడు. ఇప్పుడు చేతిలోని ఫోను కూడా దీనికి సాధనమైనది. అభిషేకం జరుగుతుండగానే ఛాయాచిత్రం తీసి, "ఈ అల్పునికి ఇంతటి భాగ్యమా!" అని వ్రాసి, వాట్సాప్‌లోనో ఫేస్‌బుక్‌లోనో పెట్టి, ఎందరు మెచ్చారో గడియకొకసారి చూచుకొంటున్నాము. శివునిపై నిలువవలసిన దృష్టి ఫోనుపై నిలుస్తున్నది.

గీత 13వ అధ్యాయంలో భగవానుడు జ్ఞానసాధనాలను చెబుతూ మొట్టమొదట అమానిత్వాన్ని, వెనువెంటనే అదంభిత్వాన్ని పేర్కొన్నాడు. మానిత్వమంటే తన్ను తాను పొగడుకొనడమనీ, దంభిత్వమంటే తన ధర్మాన్ని తాను ప్రకటించుకొనడమనీ శంకర భగవత్పాదులు భాష్యంలో వివరించారు. కపటవినయంలో ఈ రెండూ ఉన్నాయి. మూడవదిగా అసత్యమూ చేరింది. "నాకేమీ రాదు" అన్నవాడు ఎదుటివారు ఔనంటే ఎందుకు నొచ్చుకొంటాడు? కాదనిపించుకొనడానికే ఆ మాట అన్నాడు కనుక.

దీనివల్ల కలిగే నష్టమేమి? తపస్సు గర్వంవల్ల, దానం చాటుకొనడంవల్ల క్షీణిస్తాయని మనుస్మృతి 4వ అధ్యాయం చెబుతున్నది. తపస్సులో నీకు సాటి ఎవరని ఇంద్రుడడిగితే ఎవరూ లేరన్న యయాతి పుణ్యం క్షయించి స్వర్గం నుండి జారిపడ్డాడు. కర్ణపర్వంలో అన్నగారిని నిందించి, ఆ పశ్చాత్తాపంతో ప్రాణత్యాగానికి సిద్ధపడిన అర్జునునికి శ్రీకృష్ణుడు ఒక ఉపాయం చెప్పాడు: నీ గుణాలను నీవే వర్ణించుకో, అది ఆత్మవధతో సమానం. బాహాటంగా గొప్పలు చెప్పుకొనేవానిని పెద్దలు మందలించి సరిదిద్దగలరు. చాటుగా చెప్పుకొనేవాడు తాను వినయవంతుడననే నమ్ముకొంటాడు. ఇక వానిని సరిదిద్దేదెవరు?

నిజమైన వినయానికి హనుమంతుడే ప్రమాణం. సుగ్రీవుని సన్నిధిలో తనకంటె అధికులు, సమానులు ఉన్నారే గాని తక్కువవారు లేరని ఆయన సుందరకాండలో సీతమ్మతో అన్నాడు. శతయోజన సముద్రాన్ని దాటి వచ్చినవాని మాట అది! ఆయన ప్రశంస కోరలేదు. అంతటి వీరులందరూ వస్తారని అమ్మకు ధైర్యం కలిగించాడు. వినయవాక్యం ఎవరికి మేలు చేస్తున్నదో చూస్తే దాని జాతి తెలిసిపోతుంది.

కనుక మేము చెప్పేది ఆచరణకు సులభమైనదే. వేదం చదివినవాడు రాదనడం వినయం కాదు. అడిగితే "ఇంతవరకు చదివాను, గురువుల అనుగ్రహం" అని ఉన్నమాట చెప్పి ఊరుకోవాలి. రోజుకొక్క సత్కార్యమైనా ఇంటివారికి సైతం తెలియకుండా చేయండి. రెండు దినాలు గడవకముందే ఎవరికైనా చెప్పాలని నాలుక తహతహలాడుతుంది. మన దంభం ఎంతటిదో అప్పుడు మనకే తెలుస్తుంది. ఆ నాలుకచేత ఒక్కసారి భగవన్నామం పలికించండి. చూడవలసినవాడు చూస్తూనే ఉన్నాడు.