లెపర్డ్ గెకోకు చల్లని మూల కావాలి

పెంపుడు లెపర్డ్ గెకోకు ముందుగా వెచ్చదనం ఏర్పాటు చేయమంటాయి చలిదేశాల పుస్తకాలు. రాయ్‌పూర్‌లోని తెలీబంధాలో మాత్రం మే నెల ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అక్కడ కష్టమంతా చల్లదనం కోసమే.

పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌ల రాతినేలల్లో పుట్టిన ఈ బల్లి ఎండను తట్టుకుంటుందనుకోవడం పొరపాటు. పగలంతా అది రాళ్ల కింద దాక్కుంటుంది. శరీర ఉష్ణోగ్రతను చోటు మారుతూ సర్దుకుంటుంది.

అందుకే పెట్టె దాదాపు 90 సెంటీమీటర్ల పొడవుండాలి. ఒక చివర నేల 32 డిగ్రీలు, మరో చివర 25 డిగ్రీలు ఉండాలి. రెండు వైపులా దాక్కునే గూళ్లు, కుబుసం విడవడానికి తేమగా ఉండే గూడు ఒకటి పెట్టాలి. చలి రాత్రుల్లో హీట్‌మ్యాట్‌కు థర్మోస్టాట్ తప్పనిసరి. వేసవిలో పెట్టెను ఎండ తగలని, చల్లబరిచిన గదిలో ఉంచాలి. పెట్టె అంతా ఒకేలా వేడెక్కితే బల్లికి తప్పించుకునే చోటుండదు, ప్రాణాలకే ముప్పు.

దీని దగ్గరి బంధువు యూబ్లెఫారిస్ పిక్టస్‌ను 2022లో విశాఖపట్నం ప్రాంతం నుంచి కొత్త జాతిగా వర్ణించారు. దానికి తూర్పు కనుమల్లో సొంత ఇల్లుంది. దాన్ని పట్టి తెచ్చి పెంచకూడదు.