పాడకూడని పెట్టె

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, వార్ఫ్ నది పారే లోయలో ఇల్క్లీ అనే ఊరుంది. బట్టల వ్యాపారంలో పనిచేస్తూ వచ్చిన గిల్బర్ట్ బ్రిగ్స్ 1932లో అక్కడే, తన ఇంటి నేలమాళిగలో, లౌడ్‌స్పీకర్ల తయారీ మొదలుపెట్టాడు. ఆ లోయ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు: వార్ఫ్‌డేల్. 1950ల నాటికి ఆయన స్పీకర్ పెట్టెల గోడల్లో ఇసుక పోయిస్తున్నాడు. రెండు ప్లైవుడ్ పలకల మధ్య సందు వదిలి, అందులో పొడి ఇసుక నింపించేవాడు. గది మూలలో ఇటుకలతో పెట్టె కట్టుకోవడం ఎలాగో కూడా జనానికి చెప్పాడు. సంగీతానికి ఇసుకతో, ఇటుకతో ఏం పని పడిందో తెలియాలంటే స్పీకర్‌ను వెనకవైపు నుంచి చూడాలి.

ఇవాళ్టి స్పీకర్ రూపం 1925లో స్థిరపడింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ ఆ ఏడాది తమ పరిశోధన పత్రంలో దాన్ని వివరించారు. అయస్కాంతం సందులో ఒక తీగచుట్ట, దానికి అతికించిన కోన్. కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. ఈ రెండూ అంచు చుట్టూ తిరిగివచ్చి కలిశాయంటే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఎక్కువ నష్టపోయేది మంద్రస్వరాలే. 50 హెర్ట్జ్ ధ్వనికి తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. దాన్ని అడ్డుపలకతో ఆపాలంటే ఆ పలక ఇంటి గోడంత ఉండాలి. అంత చోటు ఎవరింట్లో ఉంటుంది? అందుకని వెనకవైపు ధ్వనిని పెట్టెలో బంధించారు.

బంధించిన గాలి ఊరుకోదు. స్ప్రింగులా కోన్‌ను వెనక్కి నెడుతుంది. పెట్టె చిన్నదైనకొద్దీ ఆ స్ప్రింగు బిగుస్తుంది, బేస్ సన్నబడుతుంది. బెల్ ల్యాబ్స్‌లో ఆల్బర్ట్ థ్యూరస్ పెట్టెకు ఒక రంధ్రం పెట్టి, ఆ గాలి చేతనే బేస్ పలికించాడు. ఆయన పేటెంట్ 1932లో వచ్చింది. 1954లో ఎడ్గర్ విల్చర్ దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టాడు. కోన్‌ను పట్టి ఉంచే అంచును బాగా వదులు చేసి, పెట్టెను గాలి చొరబడకుండా మూసి, ఆ గాలినే కోన్‌కు అసలు స్ప్రింగుగా వాడుకున్నాడు. దాంతో బీరువాలంత ఉండే పెట్టెలు పుస్తకాల అరలో పట్టేంతకు వచ్చాయి. గొప్ప ఆవిష్కరణే. అయితే చిన్న పెట్టెలో ఒత్తిడి ఎక్కువ, ఆ ఒత్తిడినంతా మోసేవి దాని గోడలే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయాలి. 20 సెంటీమీటర్ల స్పీకర్‌లో కోన్ వైశాల్యం సుమారు 215 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 60 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 30 లోతు ఉన్న పెట్టెలో బిగించామనుకుందాం. ఆరు పలకలూ కలిపితే 9,900 చదరపు సెంటీమీటర్లు, అంటే కోన్‌కు 46 రెట్లు. పలకలన్నీ కోన్ కదలికలో 46వ వంతు కదిలినా, అవి ఒక్క తీరుగా కదిలితే, పెట్టె కూడా కోన్‌తో సమానంగా ధ్వని చేస్తుంది. నిజానికి పలకలన్నీ ఒకేసారి, ఒకే తీరుగా కదలవు, కాబట్టి పరిస్థితి అంత ఘోరంగా ఉండదు. కానీ ప్రతి పలకకూ తనదైన అనునాద పౌనఃపున్యం ఉంటుంది. పాటలో ఆ స్వరం తగలగానే పలక అందుకుంటుంది, పాట ఆగాక కూడా కాసేపు లాగుతుంది. గాయకుడి గొంతుకు డబ్బా గొంతు తోడయ్యేది అప్పుడే.

ఇంట్లో పెట్టె కట్టుకునేవారికి వెంటనే తట్టే ఉపాయం మందం పెంచడం. మందం రెట్టింపు చేస్తే పలక వంగకుండా నిలిచే బలం 8 రెట్లవుతుంది, బరువు 2 రెట్లే పెరుగుతుంది. ఫలితంగా అనునాదం కూడా రెట్టింపు పౌనఃపున్యానికి జరుగుతుంది. 200 హెర్ట్జ్ దగ్గర మోగే పలక 400 దగ్గర మోగుతుంది. రోగం తగ్గలేదు, చోటు మార్చిందంతే. పైగా ఇప్పుడది మనిషి గొంతు పలికే చోట, చెవి ఎక్కువ చురుగ్గా ఉండే వైపు వెళ్లి కూర్చుంది. సబ్‌ఊఫర్‌కైతే ఈ వైద్యం సరిపోతుంది. అది పనిచేసేది దాదాపు 100 హెర్ట్జ్ లోపే కాబట్టి అనునాదాన్ని ఆ హద్దు దాటించేస్తే చాలు. పాటంతా పాడాల్సిన స్పీకర్‌కు మాత్రం గట్టిదనం ఒక్కటే చాలదు, కంపనాన్ని తినేసేది ఏదైనా ఉండాలి. మోగుతున్న గుడిగంటను అరచేత్తో పట్టుకుంటే చప్పున ఆగిపోతుంది కదా, డ్యాంపింగ్ అంటే అదే.

బ్రిగ్స్ ఇసుక చేసిన పని అదే. పలక కంపిస్తే రేణువులు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి, కంపన శక్తి వేడిగా మారిపోతుంది. 1954 నవంబరులో ఆయన లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో, దాదాపు 3,000 మంది పట్టే చోట, కళాకారుల పాటనూ వాళ్ల రికార్డునూ పక్కపక్కనే వినిపించి జనాన్నే పోల్చుకోమన్నాడు. తన పెట్టెల మీద అంత నమ్మకం ఉన్న మనిషి ఆయన.

కానీ ఇసుక పెట్టెను ఎత్తేదెవరు? బీబీసీకి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది: బయటి కార్యక్రమాలకు వెళ్లే వ్యానులో, ఇరుకు కంట్రోల్ గదిలో పెట్టుకోగల స్పీకర్. సర్రేలోని కింగ్స్‌వుడ్ వారెన్‌లో ఉన్న బీబీసీ పరిశోధన విభాగంలో డడ్లీ హార్‌వుడ్ ఆ సమస్యను చేతబట్టాడు. నాకు ఈ కథలో అందరికన్నా నచ్చే మనిషి ఆయనే. ఆయన గోడలను మందం చేయలేదు, పలచబరిచాడు. పలచని బర్చ్ ప్లైవుడ్ తీసుకుని దాని లోపలి ముఖానికి తారు పూసిన పలకలు అంటించాడు. పలచన కావడంతో అనునాదం చెవికి అంత పట్టని కింది పౌనఃపున్యాలకు దిగింది, మిగిలిన కంపనాన్ని తారు మింగేసింది. అలా 1970లలో వచ్చిన ఎల్‌ఎస్3/5ఎ స్పీకర్ 30 సెంటీమీటర్ల ఎత్తు, 12 మిల్లీమీటర్ల గోడలతో, లోపల 5 లీటర్ల గాలితో ఉంటుంది. అందులోని స్పీకర్ యూనిట్లు కేఈఎఫ్ కంపెనీవి. ఆ కంపెనీని 1961లో స్థాపించిన రేమండ్ కుక్ అంతకుముందు బ్రిగ్స్ దగ్గర పనిచేసినవాడే. పెట్టె మూలల్లో బిగించే బద్దలు బీచ్ కర్రవే కావాలని బీబీసీ పట్టుబట్టింది. మెత్తని పరానా పైన్ బద్దలు వాడితే ధ్వనిలో తేడా వినిపించింది మరి.

ఒక అపోహ చాలామందిలో ఉంది. పెట్టె నిండా దూదో, ఊలో, ఫైబర్ గ్లాసో కుక్కితే గోడలు మోగడం ఆగుతుందనుకుంటారు. ఆగదు. ఆ మెత్తటి సరుకు బాగుచేసేది లోపలి గాలిని. 60 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టెలో కింద నుంచి పైకి ధ్వని అటూ ఇటూ కొట్టుకుంటూ దాదాపు 287 హెర్ట్జ్ దగ్గర నిలువు తరంగం కడుతుంది. పీచు దాన్ని పీల్చేస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. గాలి నొక్కుకుని వేడెక్కినప్పుడు ఆ వేడిని పీచు తీసుకుంటుంది, దాంతో గాలి స్ప్రింగు మెత్తబడి పెట్టె ఉన్నదానికన్నా పెద్దదిగా ప్రవర్తిస్తుంది. సిద్ధాంతం ప్రకారం ఈ లాభం 40 శాతం వరకు ఉండొచ్చు, చేతికందేది అందులో సగం లోపే అనుకోవడం మంచిది. మరీ కుక్కితే ఈ మేలు కూడా పోతుంది.

కాబట్టి గాలికి పీచు, గోడకు తారు. కార్ల తలుపుల లోపల అంటించే డ్యాంపింగ్ షీట్లు ఈ పనికి చక్కగా సరిపోతాయి. ప్లైవుడ్‌ను దుమ్ము లేకుండా తుడిచి, షీటును వెచ్చబెట్టి, గాలి బుడగలు మిగలకుండా నొక్కి అంటించాలి. అంచంతా వదులుగా లేచి ఉంటే అది పనిచేయదు. పలక వైశాల్యంలో ఎక్కువ భాగం కప్పాలి, నడిభాగాన్ని మాత్రం అసలు వదలకూడదు. అడ్డుకర్ర బిగిస్తే సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకు పెట్టండి. మధ్యలో పెడితే పలక రెండు సమాన భాగాలై, రెండూ ఒకే స్వరానికి పలుకుతాయి.