స్వప్నరూపము - సత్యరూపము

మొన్న వేసవిలో మా యక్కగారి కుమార్తెకు సంబంధములు చూచుచుండిరి. వరుని వారికి పంపుటకై ఛాయాచిత్రము తీయించిరి. తీసినవాడు తన నేర్పు చూపదలచి, కంప్యూటరులో పిల్ల మేనిచాయను తెలుపు చేసి, ముక్కును సన్నము చేసి, చెంపమీది పుట్టుమచ్చను తుడిచివైచెను. ఇంటిల్లిపాదియు మెచ్చుకొనిరి. పిల్ల మాత్రము దానిని చాలసేపు చూచి, “పిన్నీ! ఈమె యెవరు?” అని నన్నడిగెను. నేను నవ్వి యూరకుంటిని గాని యా ప్రశ్న నన్ను విడువలేదు. ఆ వారములోనే మా వారు “వెర్టిగో” యను చలనచిత్రమును ఇంట చూపి, నాకు తెలియని మాటలకు అర్థము చెప్పిరి. పిల్ల యడిగిన ప్రశ్నయే ఆ చిత్రమునకు ప్రాణమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించితిని.

ఈ చిత్రము 1958వ సంవత్సరమున అమెరికాదేశమున వెలువడినది. దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. ఇరువురు ఫ్రెంచి రచయితలు కలిసి వ్రాసిన నవల దీనికి మూలము. వెర్టిగో యనగా తలతిరుగుడు. విడుదలైననాడు దీనికి గొప్ప యాదరణ లభింపలేదు. కాని 2012లో బ్రిటిషు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటు వారి పత్రిక విమర్శకుల యభిప్రాయములు సేకరింపగా దీనికే ప్రథమస్థానము వచ్చెను. 2022లో మరల సేకరింపగా రెండవస్థానమున నిలిచెను.

కథ శాన్ ఫ్రాన్సిస్కో నగరమున జరుగును. స్కాటీ యను అపరాధపరిశోధకుడు, తన్ను రక్షింపవచ్చిన తోడి పోలీసు మేడపైనుండి పడి మరణించుట కన్నులార చూచి, ఎత్తులన్న తలతిరిగి ఉద్యోగము మానుకొనును. ఎల్‌స్టర్ అను పూర్వమిత్రుడు వచ్చి, తన భార్య మాడెలీన్‌ను ఎప్పుడో మరణించిన ముత్తవ్వ కార్లోటా యావహించినదనియు, ఆమెను కనిపెట్టి యుండుమనియు కోరును. ఆ యందగత్తె చిత్రశాలలో కార్లోటా పటము నెదుట మౌనముగ కూర్చుండును. ఆమె కొప్పు పటములోని కొప్పువలెనే సుడిచుట్టి యుండును. ఒకనాడామె నీటిలో దూకగా స్కాటీ రక్షించును; మిత్రుని భార్యయని యెరిగియు ప్రేమించును.

తనకు గోపురమున్న పాత మఠమొకటి కలలో కనబడుచున్నదని ఆమె చెప్పును. అది నిజముగ నున్న చోటేయని చూపి భయము తీర్చదలచి, శాన్ హువాన్ బౌటిస్టా మఠమునకు అతడామెను కొనిపోవును. ఆమె గోపురము మెట్లెక్కి పరుగిడును. అతడు తలతిరిగి నడుమనే నిలిచిపోవును. కిటికీ ప్రక్కగా నొక శరీరము క్రిందికి పడును. ఆ మఠము నేటికిని కలదు గాని చిత్రములోని యంతటి గోపురము దానికి లేదు. అది చిత్రముకొరకు కల్పించినది.

ఆ పిమ్మట స్కాటీకి వచ్చు కలను చూచి నేను జడిసితిని. రంగులు మారి మారి మెరయుచుండగా పూలచెండు రేకులుగా విడిపోవును. పటములోని కార్లోటా సజీవయై ఎల్‌స్టర్ ప్రక్కన నిలుచును. తెరచియున్న సమాధియొద్దకు స్కాటీ నడచును. తుదకు ఆమె పడిన కప్పుమీద తానే పడును. వైద్యాలయమున కొంతకాలముండి వచ్చినను అతడు ఆ కలనుండి మేలుకొనలేదు. కనబడిన ప్రతి స్త్రీయందును ఆమె రూపమునే వెదకుచుండును.

అట్లు వెదకుచుండగా జూడీ యను సామాన్యురాలు తటస్థపడును. ఆమె అంగడిలో కొలువుచేయు పిల్ల. ముఖము మాడెలీన్ ముఖమే. కట్టు, నడక, మాట వేరు. మనకు వెంటనే రహస్యము తెలియును: ఎల్‌స్టర్ తన భార్యను చంపదలచి, ఆమె వేషము వేయుటకు జూడీని కుదుర్చుకొనెను. గోపురమునుండి పడినది నిజమైన భార్య. జూడీ యా పాపమున పాలుగొన్నది కనుక నిర్దోషిని యనజాలము. కాని నటించుచు నటించుచు నిజముగ ప్రేమించినది.

ఇక స్కాటీ చేయుపని చూడుడు. అట్టి బూడిదవన్నె దుస్తులే కావలెనని అంగడులు తిరుగును. ముదురువన్నె జుట్టును బంగారువన్నెకు మార్పించును. కొప్పుకూడ అట్లే ముడువుమని నిర్బంధించును. నీవు కోరినట్లు మారినచో నన్ను ప్రేమింతువా యని ఆమె దీనముగ నడుగును. తన్ను తానుగా మెచ్చరాదా యని ఆమె వేడుకొన్నను అతడు వినలేదు. తుదకు పచ్చని వెలుగులో ఆమె నడచివచ్చినపుడు అతడు పొందిన యానందము మృతురాలు లేచివచ్చినదని. జూడీ వచ్చినదని కాదు.

ఆ రెండు పాత్రలను ధరించిన కిమ్ నోవాక్ జీవితమునను ఇట్టిదే జరిగినది. ఆమె తల్లిదండ్రులు పెట్టిన పేరు మెరిలిన్. చలనచిత్రసంస్థవారు ఆ పేరు మార్చిరి. ఇంటిపేరుకూడ మార్పజూడగా ఆమె ససేమిరా యని నోవాక్ అను పేరు నిలుపుకొన్నది. ఆ బూడిదవన్నె దుస్తులును ఆమెకు నచ్చలేదట. జూడీ కన్నులలోని బాధ వట్టి నటన కాదేమో!

ఇది చూచుచున్నంతసేపు నాకు మా నాయనగారు చెప్పిన భాసుని “స్వప్నవాసవదత్తము” జ్ఞప్తికి వచ్చుచుండెను. అందును భార్య మరణించినదని లోకము నమ్మును. అందును అది యొకని పన్నాగమే. మంత్రి యౌగంధరాయణుడు రాజ్యముకొరకై, వాసవదత్త లావాణకమున అగ్నికాహుతి యైనదని చాటించి, ఆమెను ఆవంతిక యను మారుపేరుతో పద్మావతియొద్ద దాచును. ఉదయనుడు నిద్రలో ఆమెను పేరుపెట్టి పిలుచును. ప్రక్కనే యున్న యామె బదులు చెప్పును. అలంకరించుకొనలేదేమని అతడు కలలోనే యడుగును. నగలు లేవని ఆమె వాసవదత్త కాదని యనుకొనలేదు. స్కాటీ మాత్రము మెలకువతోనుండియు కౌగిటనున్న స్త్రీని గుర్తింపడు. ఆమె పొరపాటున ధరించిన కార్లోటా హారమును చూచిన తరువాతనే సత్యము గ్రహించును. ఒకడు నగలు లేకున్నను మనిషిని గుర్తించెను. వేరొకడు నగను మాత్రమే గుర్తించెను.

హారము చూచినదే తడవుగా అతడామెను మరల ఆ గోపురమునకే ఈడ్చుకొనిపోవును. కోపముతో తలతిరుగుడు పోవును, పై యంతస్తు చేరును. చీకటినుండి వచ్చిన సన్న్యాసినిని చూచి బెదరి, జూడీ జారిపడి మరణించును. అతని వ్యాధి కుదిరినది. ఆమె ప్రాణము పోయినది.

సోదరీమణులారా! అలంకారము తప్పని నేననను. మన సంతోషమునకు మనము ముడుచుకొను పూవు వేరు. ఒకరి కలకు సరిపడుటకై మన ముఖమును చెరిపివేయుట వేరు. పిల్లను చూడవచ్చినవారు, జుట్టు ఇట్లుండవలెను, చాయ అట్లుండవలెను అన్నపుడు, వారు వెదకుచున్నది ఈ పిల్లనా, తమ మనసులోని పటమునా యని మన మొకసారి యడుగవలదా?

మా యక్కగారికి ఈ కథయంతయు చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు. మరునాడు దిద్దని ఛాయాచిత్రమునే, పుట్టుమచ్చతో కూడ, పంపిరి. వారినుండి ఇంకను జవాబు రాలేదు. పిల్ల మాత్రము ఆ చిత్రపు ప్రతి నొకదానిని తన పుస్తకములో దాచుకొన్నది.