ఇంజనులో నిప్పురవ్వ వేళ తప్పినచో

బొబ్బిలి నుండి రామభద్రపురము, సాలూరుల మీదుగా కోరాపుట్ వైపు పోవు రోడ్డు సాలూరు దాటిన పిదప కొండ లెక్కును. పాత అంబాసిడరు కారొకటి నిండు మనుషులతో ఆ ఘాటు ఎక్కుచున్న దనుకొందము. మైదానములో చక్కగా నడచిన బండి, ఎక్కుడులో యాక్సిలరేటరు తొక్కగానే, రేకుడబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్లు చప్పుడు చేయును. పెట్రోలు కల్తీ యని ఒకరు, వాల్వులు పాడైనవని మరొకరు అందురు. అట్లే తోలుకొని పోయినచో పిస్టను తలకు చిల్లి పడవచ్చును. కావున దోష మెచ్చట నున్నదో పరీక్షించి తేల్చుట అవసరము.

అంబాసిడరు కార్లు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 1958 మొదలు 2014 వరకు తయారైనవి. వానిలో చాలకాలము వాడుకలో నున్న పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. నాలుగు సిలిండర్లు గలది. పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమును పిస్టను పైకి నొక్కును. ఆ సమయమున ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టి మిశ్రమమును మండించును.

రవ్వ సరిగా ఎప్పుడు పుట్టవలెను? పిస్టను పైకొన చేరినపు డని తోచును గాని, అది సరికాదు. మిశ్రమము ఒక్కసారిగా మండదు. మంట ప్లగ్గు నుండి అంచుల వరకు ప్రాకవలెను. ఇందుకు సెకనులో 500వ వంతు కాలము పట్టు ననుకొందము. ఇంజను నిమిషమునకు 1000 చుట్లు తిరుగుచుండగా, ఆ కాలములో క్రాంకు 12 డిగ్రీలు తిరుగును. 3000 చుట్లయినచో 36 డిగ్రీలు. వేగము పెరిగినపుడు మిశ్రమములో సుడులు హెచ్చి మంట త్వరపడును గనుక అసలు తేడా ఇంతకన్న కొంత తక్కువ. ఏమైనను, పిస్టను పైకొన దాటిన కొలదిసేపటికి ఒత్తిడి గరిష్ఠము కావలె నన్నచో రవ్వ ముందుగనే పుట్టవలెను; వేగము హెచ్చిన కొలది మరింత ముందుగా పుట్టవలెను. డిస్ట్రిబ్యూటరులోని స్ప్రింగులు గల చిన్న బరువులు వేగముతో వెలుపలికి జరిగి ఈ పని చేయును.

రవ్వ మరీ ముందైనచో, పైకి వచ్చుచున్న పిస్టనును మంట క్రిందికి నెట్టును. ఒత్తిడి, వేడిమి హద్దు మీరి, మంట ఇంకను చేరని మిశ్రమము తనంత తానే ప్రేలును. ఘాటులో వినబడిన చప్పు డిదియే. హేండిలుతో స్టార్టు చేయునపుడు ఎదురుతన్ను తన్నుటయు ఇందుకు గుర్తు. రవ్వ ఆలస్యమైనచో చప్పుడుండదు. బండి లాగదు, పెట్రోలు ఎక్కువ త్రాగును, మంట పూర్తిగాకమునుపే ఎగ్జాస్టు వాల్వు తెరచుకొనుటచే ఎగ్జాస్టు గొట్టము మిక్కిలి కాగును.

అయితే చప్పుడు విన్నంతనే టైమింగు తప్పినదని తీర్మానింపరాదు. సిలిండరు తలలో మసి పేరుకొనినను, కార్బొరేటరు నుండి పెట్రోలు తక్కువగా వచ్చినను, ఇంజనుకు తగని ప్లగ్గు వేసినను ఇదే చప్పుడు కలుగును.

పరీక్షలో మొదట చూడవలసినది డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల మధ్య ఎడము. అది సుమారు 0.4 మిల్లీమీటరుండవలెను. ఎడ మెక్కువైనచో పాయింట్లు ముందుగా విడివడును, రవ్వయు ముందగును, తక్కువైనచో ఆలస్యమగును. కావున టైమింగును ముందు సరిచేసి, పిదప ఎడమును మార్చినచో పడిన శ్రమ వృథా.

పిదప 12 వోల్టుల చిన్న బల్బును డిస్ట్రిబ్యూటరు యొక్క సన్నతీగ బిగింపునకును, ఇంజను ఇనుమునకును కలుపవలెను. ప్లగ్గు లూడదీసి, కాయిలు నుండి వచ్చు లావుతీగను తొలగించి, తాళము త్రిప్పి, క్రాంకును హేండిలుతో మెల్లగా తిరుగు దిశలోనే త్రిప్పవలెను. పాయింట్లు కలిసియున్నంతసేపు విద్యుత్తు వాని గుండా పోవును గనుక బల్బు వెలుగదు. విడివడిన క్షణమున వెలుగును. రోటరు ఒకటవ సిలిండరు తీగవైపు చూచుచుండగా, కప్పీ మీది గాటు తయారీదారు పుస్తకములో చెప్పిన గుర్తు వద్దకు వచ్చినపుడే బల్బు వెలిగినచో టైమింగు సరియైనదే. లేనిచో డిస్ట్రిబ్యూటరును వదులుచేసి కొంచెము త్రిప్పి సరిచేయవలెను. రోటరు తిరుగు దిశకు ఎదురుగా త్రిప్పినచో రవ్వ ముందగును.

ఇంజను నడుచుచుండగా చూచుటకు స్ట్రోబు దీప మున్నది. ఒకటవ ప్లగ్గుకు రవ్వ పోయినపు డెల్ల ఆ దీపము తళుక్కుమనును. తిరుగుచున్న గాటు కదలక నిలిచినట్లు కనబడును. వేగము పెంచినపుడు గాటు క్రమముగా జరిగినచో బరువులు పనిచేయుచున్నవి. అది అటునిటు ఎగిరినచో డిస్ట్రిబ్యూటరు ఇరుసు అరిగియుండును. అట్టి దానిని ఎంత త్రిప్పినను ఫలితము లేదు.

ఒకసారి ఒకే మార్పు చేసి, ఫలితము చూచి, పిదప రెండవదానికి పోవలెను. ఎడము, టైమింగు, కార్బొరేటరు మూడింటిని ఒకేసారి మార్చినచో, బండి బాగుపడినను ఏది బాగుచేసినదో తెలియదు. ప్రయోగశాలలో విద్యార్థి నేర్చు నియమమే ఘాటురోడ్డు మీద పిస్టనును కాపాడును.