పెరటి కప్ప, పరదేశపు కప్ప

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ ఈ కప్పల గోలేమిటని విసుక్కోకండి. కారణముంది.

మొన్న జల్లు పడ్డ సాయంత్రం మా పక్కింటి వదినగారు ఉప్పు పొట్లం పట్టుకుని మా పెరట్లోకి వచ్చారు. నీళ్ళ తొట్టి పక్కన ఓ గోదురు కప్ప కూర్చునుంది. ఒళ్ళంతా బుడిపెలు, మట్టి రంగు, అది మనందరి బాత్‌రూముల్లోనూ తిష్ఠ వేసేదే. "ఇది విదేశీ కప్పటండీ, విషమట, ఫోన్లో చూపించాడు మా చిన్నాడు. కనిపిస్తే చంపెయ్యాలట" అంటూ ఉప్పు చల్లబోయారు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ వీడియో నేనూ చూశాను. అందులో చెప్పింది అబద్ధం కాదు. కాని అది ఆస్ట్రేలియా కథ, ఆ కప్ప వేరు, మన కప్ప వేరు.

ఆ కథ అనకాపల్లి వాళ్ళకి చెప్పదగ్గదే. ఎందుకంటే అదీ చెరుకు తోటల కథే. మన ఊరు బెల్లం మీద బతికిన ఊరు. చెరుకు మీద పరిశోధన చేసే కేంద్రం వందేళ్ళకు పైగా ఇక్కడే ఉంది. చెరుక్కి పురుగు పడితే ఇంటి యజమాని ముఖం ఎలా ఉంటుందో మనలో రైతు కుటుంబాల నుంచి వచ్చిన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రైతులకూ అదే బాధ వచ్చింది. ఓ రకం పెంకు పురుగు పిల్లలు మట్టిలో ఉండి చెరుకు వేళ్ళు కొరికేసేవి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పెద్ద కప్ప ఒకటి హవాయి దీవుల చెరుకు తోటల్లో పురుగుల్ని తింటోందని విని, 1935లో అక్కడి చెరుకు పరిశోధన శాఖవారు నూటికి కాస్త పైగా కప్పల్ని ఓడ మీద తెప్పించారు. గోర్డన్‌వేల్ అనే ఊళ్ళో పెంచి, పిల్లల్ని వేల సంఖ్యలో తోటల్లో వదిలారు.

వద్దన్నవాడు లేకపోలేదు. వాల్టర్ ఫ్రాగట్ అనే పెద్దాయన, పురుగుల శాస్త్రవేత్త, ఈ కప్ప తక్కిన జీవాల్ని మింగేస్తుందని మొత్తుకున్నాడు. కొన్నాళ్ళు వదలడం ఆపారు కూడా. 1936లో మళ్ళీ మొదలు పెట్టారు. పెద్దల మాట వినకపోవడం మన ఇళ్ళల్లోనే కాదు, అక్కడా ఉంది!

తీరా చూస్తే కప్పలు ఆ పురుగుని తినలేదు. పెంకు పురుగేమో రెక్కలొచ్చాక ఎత్తున ఆకుల మీద ఉంటుంది. ఈ కప్ప ఎక్కలేదు. పురుగు పిల్లలేమో మట్టి లోపల ఉంటాయి. ఈ కప్ప తవ్వుకుంటూ పోయేది కాదు. కింద దొరికిన చీమ, చెద, ఏది పడితే అది తిని బలిసింది. ఒక్కొక్క ఆడకప్ప ఒక్కసారికి ఎనిమిది వేల నుంచి ముప్ఫై వేల దాకా గుడ్లు పెడుతుంది. ఇప్పుడవి కోట్లలో ఉన్నాయి. 2001లో కకడు అనే పెద్ద అభయారణ్యం చేరాయి, 2009లో పడమటి రాష్ట్రంలో అడుగు పెట్టాయి.

వాటి చెవుల వెనక ఉబ్బెత్తుగా ఉండే గ్రంథుల్లో పాలలాంటి విషం ఉంటుంది. ఆస్ట్రేలియాలో అంతకు ముందు ఇలాంటి కప్ప జాతే లేదు. అందువల్ల అక్కడి ఉడుములు, పాములు, క్వోల్ అనే పిల్లిలాంటి జంతువు దాన్ని మామూలు కప్పేననుకుని నోట పెట్టి అక్కడికక్కడే చచ్చాయి. కొన్ని చోట్ల ఉడుములు కంటికి కనపడకుండా పోయాయి.

ఇక్కడే మన వదినగారి ఉప్పు పొట్లం సంగతి వస్తుంది. అక్కడి జనం కూడా మొదట కర్రలతో కొట్టారు, మందులు చల్లారు, కార్ల కింద తొక్కించారు. పిల్లలకు అదో ఆటైపోయింది. దాని వల్ల జరిగిందేమిటంటే, చీకట్లో తేడా తెలియక ఆ దేశపు సొంత కప్పలు కూడా చచ్చాయి. అందుకని ఇప్పుడు అక్కడ మొదట చెప్పే మాట "ఏ కప్పో తేల్చుకోండి" అని. నిజంగా ఆ పరదేశపు కప్పే అయితే, దాన్ని డబ్బాలో పెట్టి ముందు ఫ్రిజ్‌లో కొన్ని గంటలు ఉంచుతారు. కప్ప మనలా వేడి రక్తపు ప్రాణి కాదు. చల్లబడుతున్న కొద్దీ మొద్దుబారి నిద్రలోకి పోతుంది. ఆ తరవాత గడ్డకట్టే అరలోకి మారుస్తారు. ఇలా చేస్తే దాని మెదడులో నొప్పి జాడ కనిపించలేదని అక్కడి శాస్త్రజ్ఞులు 2015లో కొలిచి చెప్పారు. దోసెల పిండి, కొత్తిమీర కట్ట, పక్కన కప్ప డబ్బా! మన వంటిళ్ళలో ఒప్పుకునేవాళ్ళు ఎందరో నాకైతే అనుమానమే. కాని చంపక తప్పనప్పుడు కూడా ఆ ప్రాణి బాధ గురించి ఆలోచించారు చూశారూ, ఆ పద్ధతి నాకు నచ్చింది.

మరో ఉపాయం ఇంకా బాగుంది. ఆ కప్ప విషాన్నే ఎరగా బోనులో పెడితే, ఆ జాతి తోక పిల్లలు మాత్రమే వచ్చి చిక్కుతాయి. స్థానిక కప్పల పిల్లలు ఆ వైపుకు రావు. ఉడుములకైతే, ప్రాణం తియ్యని చిన్న చిన్న కప్ప పిల్లల్ని ముందుగా వదులుతున్నారు. అవి ఒకటి తిని, కడుపులో తిప్పి, మళ్ళీ జన్మలో ఆ కప్ప జోలికి పోవు. చేదు మందు తాగిన పిల్లవాడు సీసా చూస్తేనే పారిపోయినట్లు.

మరి మన గోదురు కప్ప? ఇది మన మట్టిదే. మన జెర్రిపోతులు, నాగుపాములు ఎప్పటి నుంచో దీన్ని తింటూ తట్టుకున్నవే. కాని ఈ మంచి కప్పే మడగాస్కర్ దీవిలో దొంగ అయింది. ఆగ్నేయాసియా నుంచి వెళ్ళిన సరుకు పెట్టెల్లో ఎక్కడో దాక్కుని టొవమసీనా రేవులో దిగింది. 2014లో గుర్తించేసరికే చాలా దూరం పాకిపోయింది. అక్కడి పాములకు ఆ విషం అలవాటు లేదు. పొలాల్లో వానకు పసుప్పచ్చగా మారి బావురుమని అరిచే మన పెద్ద కప్ప కూడా అండమాన్‌లో ఇలాగే పేరు చెడగొట్టుకుంది. చేప పిల్లల డబ్బాల్లో దాని పిల్లలు కలిసిపోయి వెళ్ళాయి. ఇప్పుడక్కడ చెరువుల్లో చేపల్నీ, పెరట్లో కోడి పిల్లల్నీ కూడా మింగుతోందట. అండమాన్‌లో మనవాళ్ళు చాలామంది స్థిరపడ్డారు. చేప పిల్లలు తెప్పించుకునేటప్పుడు ఓసారి జల్లించి చూసుకోమని మీ బంధువులకు ఫోనులో చెప్పండి.

ఆ పెద్ద కప్పనే మన దేశం నుంచి కాళ్ళు కోసి విదేశాలకు ఎగుమతి చేసేవారు. పొలాల్లో కప్పలు తగ్గి పురుగులు పెరుగుతున్నాయని గొడవ అయ్యాక 1987లో ప్రభుత్వం ఆపేసింది. చెరుకు తొలిచే పురుగుకు మన రైతులు ట్రైకోగ్రామా అనే కంటికి ఆనీ ఆనని చిన్న కీటకాన్ని వాడతారు. అది పురుగు గుడ్లలోనే తన గుడ్లు పెట్టి వాటిని పాడు చేస్తుంది. ఏది దొరికితే అది తినే కప్పని తేవడానికీ, దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

సరే, ఇంట్లోకి వచ్చిన కప్పని ఏం చెయ్యాలి? ముందు ఉప్పు, ఫినైలు, వేడినీళ్ళు మాట మరిచిపోండి. కప్ప నోటితో నీళ్ళు తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది, కొంత గాలీ అలాగే పీలుస్తుంది. ఉప్పు పడితే ఒంట్లో నీరంతా లాగేస్తుంది, ఫినైలు నేరుగా లోపలికి పోతుంది. చావు త్వరగా రాదు, గిలగిల్లాడి చస్తుంది. తడి గుడ్డ చేతికి చుట్టుకుని పట్టుకోండి, లేదా చేటలోకి తోసి పెరట్లో మొక్కల కుండీల చాటున వదలండి. రోడ్డు మీద వద్దు. ఎక్కడో పరాయి ఊరి చెరువులో వదిలి రావడమూ వద్దు, దానితో పాటు రోగాలూ పోతాయి.

పట్టుకుంటే పులిపిర్లు వస్తాయని మా అమ్మమ్మ అనేది. పులిపిర్లు వచ్చేది వైరస్ వల్ల, కప్ప వల్ల కాదు. కాని ఆ పాలు కంట్లో పడితే మంట పుడుతుంది కనక, తరవాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

అసలు రాకుండా ఉండాలంటే, వీధి గుమ్మంలో దీపం రాత్రంతా వెలగనివ్వకండి. దీపానికి పురుగులు, పురుగులకు కప్పలు. బాత్‌రూము తూముకు జాలీ, తలుపు కింద సందుకు ఓ చెక్క పట్టీ. తొట్టిలోనో సంపులోనో నల్లటి పూసల దారంలా గుడ్లు కనిపిస్తే చెంబుతో తీసి పక్కనున్న నీటి గుంటలో పొయ్యండి. నూతిలోనో తొట్టిలోనో పడి ఈదుతున్న కప్ప ఎక్కి రావడానికి ఓ గరుకు కర్ర వాలుగా పెట్టండి.

కుక్క గనక కప్పని నోట కరుచుకుంటే నురగ కక్కుతుంది. తల కిందికి వంచి, నీళ్ళు గొంతులోకి పోకుండా పక్క నుంచి ధారగా నోరు కడిగి, చిగుళ్ళు తడి గుడ్డతో తుడవండి. తూలినా, కొట్టుకున్నా ఆలస్యం చెయ్యకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

వానలు కురవకపోతే కప్పని రోకలికి కట్టి, వేపాకులు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించుకునే ఆట మన పల్లెల్లో ఉండేది. వదినగారు చిన్నప్పుడు తనూ అలా తిరిగానని, ఎంత మంది బిందెలతో నీళ్ళు కుమ్మరించారో చెబుతూ ఉప్పు పొట్లం మడిచి నడుముకు దోపుకున్నారు. తూము జాలీ కొనడానికి రేపు బజారుకి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.