తెర మీదికి నాగావళి ఎప్పుడు?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. బళ్ళలో వేలాడుతున్న గోడ పటాలన్నీ ఆ ఒక్క రోజుతో పాతబడ్డాయి. కురుపాం పిల్లలు వాటిలో తమ జిల్లాను వెతికితే కనిపించేది విజయనగరమే. కొత్త జిల్లా పార్వతీపురం మన్యం జాడే ఉండదు. టెక్నాలజీ వద్దనే సోషల్ మాస్టారు ఇప్పుడు దొరకడం కష్టమంటే ఇదీ ఒక కారణం.

అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వ బళ్ళలో ఎనిమిదో తరగతికి ట్యాబ్‌లు వచ్చాయి. మరుసటి ఏడాది ‘నాడు-నేడు’ పథకం కింద బాగుచేసిన బళ్ళలో పెద్ద టచ్ తెరలు గోడకెక్కాయి. టీచర్లు వాటిని ‘ఐఎఫ్‌పీ’ అంటారు.

ఈ తెర అసలు సత్తా తెలిసేది సమోన్నత రేఖల పాఠంలో. 1:50,000 టోపోషీటులో కొండల దగ్గర సాధారణంగా 20 మీటర్ల ఎత్తుకో గీత ఉంటుంది. కాగితం మీద అది పిల్లలకు వేలిముద్రలా కనబడుతుంది. ఉపగ్రహ చిత్రాన్ని తెర మీద త్రీడీలో పక్కకు వంచితే ఆ గీతలే కొండగా లేచి నిలబడతాయి. గీతలు ఇరుకైన చోట ఎక్కడం కష్టమని ఇక్కడి పిల్లలకు వేరే చెప్పాలా? కట్టెల మోపుతో దిగిన కాళ్లకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు.

అసలు పేచీ తెరతో కాదు, అందులో నింపి ఇచ్చిన సరుకుతో. తయారుగా దొరికే వీడియోల్లో హిమాలయాలు, అమెజాన్ కళ్ళు చెదిరేలా ఉంటాయి. కలహండి కొండల్లో పుట్టి తోటపల్లి మీదుగా కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలిసే నాగావళి గాని, దానిలోకి చేరే వట్టిగెడ్డ గాని అలా కనిపించవు. పదో తరగతి పుస్తకమూ తక్కువ తినలేదు. విస్థాపన వ్యవసాయానికి రాష్ట్రానికో పేరు చెబుతూ, మన దగ్గర ‘పోడు, పెండ’ అని ఒక్క ముక్కతో సరిపెట్టింది. ఆ పాఠం వింటున్న సవర, జాతాపు పిల్లల్లో తాతల పోడు సంగతులు మాస్టారికే చెప్పగలవాళ్ళు ఉంటారు. ఇంట్లో సవర మాట్లాడే పిల్లవాడికి వీడియోలోని ఇంగ్లీషు మరో కొండ.

ఇక సిగ్నల్. 2022లో టీచర్లకు ముఖ హాజరు యాప్ వచ్చినప్పుడు సొంత ఫోన్లెందుకు వాడాలి, నెట్ లేని చోట ఏం చెయ్యాలి అని ఉపాధ్యాయ సంఘాలు గట్టిగానే అడిగాయి. కొండ మీది బడికి ఆ రెండో ప్రశ్న ఇంకా పాతబడలేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే పటాల వెబ్‌సైటు ‘భువన్’ 2009 నుంచీ ఉంది. బడి పిల్లల కోసం అందులో ప్రత్యేక విభాగమూ ఉంది. దాన్ని తరగతిలో తెరవాలంటే మాత్రం నెట్ కావాలి. లేదా కావలసిన పటాలు ముందురోజే మండల కేంద్రంలో దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. పాఠం చెప్పాల్సిన మనిషి మీద ఇదో అదనపు బరువు. శిక్షణలేమో తెర వెయ్యడం, యాప్ తెరవడం దగ్గరే ఆగిపోతే, గూడెం పటం గియ్యడం ఎవరు నేర్పుతారు?

నా మట్టుకు నాకు ముందు జరగాల్సింది ఇది. కురుపాం, గుమ్మలక్ష్మీపురం, జియ్యమ్మవలస, కొమరాడ మండలాల కొండలు, గెడ్డలు, గూడేలతో నెట్ లేకున్నా తెరుచుకునే పటాల కట్ట ఒకటి తయారవ్వాలి. గూడేల పేర్లు పిల్లల చేతే రాయించాలి. ఇంజనీరింగ్ అద్భుతమేమీ అక్కర్లేదు దానికి. ఒక వేసవి సెలవులు, ఓపికున్న నలుగురు సోషల్ టీచర్లు చాలు.