ఎర్ర సిరా

కాలేజీలో ఇరవై యేళ్లు తెలుగు పాఠం చెప్పాక మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. శుభలేఖ చేతికిస్తే ముహూర్తం చూడడు, అచ్చుతప్పులు చూస్తాడు. కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చే చుట్టాలు ఈ సంగతి చెప్పుకుని నవ్వుతారు. మొన్నటి దాకా నేనూ నవ్వేవాణ్ణి.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడిలో వ్యాసరచన పోటీ వచ్చింది. "మా ఊరి చెరువు" అని రెండు పేజీలు వ్రాసి తెచ్చింది. నేను ఎర్ర సిరా కలం తీశాను. ఒత్తులు, దీర్ఘాలు, వాక్యాలు వరసగా దిద్దుకుంటూ పోయాను. చివరికి కాగితంమీద నీలంకంటె ఎరుపే ఎక్కువ కనిపించింది. తాత వేలు పట్టుకుని చెరువు కట్టమీద నడిచిన ముచ్చట ఎంతో చక్కగా వ్రాసింది. ఆ మాట మాత్రం నేను అనలేదు. బాగున్నదాన్ని గురించి చెప్పేదేముంది అనుకున్నాను.

పిల్ల పోటీకి పేరివ్వలేదు. వారం తర్వాత చెత్తబుట్టలో నలిపి పారేసిన కాగితాలు దొరికాయి. లెక్కపెడితే ఏడు. ప్రతి కాగితంమీదా మొదటి వాక్యం ఒక్కటే ఉంది. అదీ కొట్టివేసి ఉంది. ఎందుకమ్మా అని అడిగాను.

"నాతోని కాదు బాపూ. మంచిగ రాయకపోతే రాయకుండుడే నయం" అన్నది.

మా ఆవిడ వంటింట్లోంచి ఒక్క మాట అన్నది: "మీరు వ్యాసం దిద్దిన్రనుకున్నరు. పిల్ల తననే దిద్దిన్రనుకున్నది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడో చదివింది గుర్తుకొచ్చింది. కెనడాలో హ్యూయిట్, ఫ్లెట్ అనే మానసిక శాస్త్రవేత్తలు 1991లో, "ఏ లోపమూ ఉండరాదు" అనే పట్టుదలను మూడు విధాలుగా విడదీశారు. తన పనిలో లోపం ఉండరాదనుకోవటం ఒకటి. ఎదుటివారిలో ఉండరాదనుకోవటం రెండు. లోపముంటే నలుగురూ తనను మెచ్చరని దిగులుపడటం మూడు. నేను రెండో రకం. నా బిడ్డను మూడో రకం చేసి కూర్చున్నాను!

వేసవి సెలవుల్లో ఇద్దరం జగిత్యాల మీదుగా నిర్మల్ వెళ్లాం. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలోది; 2016 నుంచి తనే ఒక జిల్లా. అక్కడి బొమ్మలు తేలికైన పొనికి కర్రతో చేస్తారు. విడివిడిగా చెక్కిన ముక్కలను చింతగింజల ముద్దతో అతికి, నునుపు చేసి, రంగులు వేస్తారు. ఒక ముసలాయన జింకకు కాలు అతుకుతున్నాడు. మా అమ్మాయి వంగి చూసింది.

"సందు పడ్డది గద తాతా! ఇగ పారేస్తరా?"

ఆయన నవ్వాడు. "పారేస్తే బొమ్మలెక్కడియి బిడ్డా? సందు లేని అతుకుంటదా? ముద్ద ఉన్నదే అందుకు."

తిరుగు బస్సులో సి. నారాయణరెడ్డిగారి సంగతి చెప్పాను. 1931లో మన హనుమాజీపేటలో పుట్టినవారు. నిజాం కాలంలో బడి చదువు ఉర్దూ మాధ్యమంలో చదివారు. తరువాత తెలుగు ఆచార్యులయ్యారు. మొదటి పుస్తకం "నవ్వని పువ్వు" 1953లో వచ్చింది. "విశ్వంభర" 1980లో. దానికే 1988 సంవత్సరపు జ్ఞానపీఠం లభించింది.

"మొదటి పుస్తకమే విశ్వంభర కావాలని పట్టుబడితే ఏమయ్యేదమ్మా?"

"ఇరవై ఏడేండ్లు ఉత్తగనే కూసుంటుండె" అని పకపక నవ్వింది.

తప్పులు దిద్దవద్దని నేననను. దీర్ఘం దీర్ఘమే, ఒత్తు ఒత్తే. కాని ఇప్పుడు మొదటిసారి కలం లేకుండా చదువుతాను. బాగున్నది ఏదో, ఎందుకు బాగున్నదో చెబుతాను. ఆ తర్వాతనే ఒకటి రెండు సవరణలు. నేను చదువుకునే రోజుల్లో మా మాస్టార్లు దిద్దిన నోటుబుక్కు కూడా దానికి చూపించాను. ఎంత ఎరుపో! "నేను తప్పు చేయను" అనుకోవటం ఆత్మగౌరవం కాదు. మొదటి తప్పుతోనే అది కూలిపోతుంది. "తప్పు చేసినా దిద్దుకోగలను" అనుకోవటమే నిలిచే గౌరవం.

మొన్న పిల్ల మళ్లీ ఒక పేజీ వ్రాసి తెచ్చింది. చదివి, బాగున్న చోటు చెప్పి ఇచ్చేశాను. సాయంత్రం అదే పరుగెత్తుకొచ్చింది.

"బాపూ, ఈడ ఒత్తు పోయింది. మీరు చూడలేదా?"

"చూశాను."

"మరి చెప్పలేదేంది?"

"ముద్ద నీ దగ్గరే ఉన్నది గదా అని!" అన్నాను.